ఆయిలు మరిచిపోయిన పురుగులు

"దీపాలు పెట్టినాక తోడు ఇయ్యగూడదు సార్. రేపు పొద్దున రాండి."

మా అత్త పుట్టమ్మ ఈ మాట అనింది మజ్జిగ కోసం వచ్చిన పక్కింటామెతో కాదు. సూక్ష్మజీవుల మీద డాక్టరేటు చేసిన రవితేజ సారుతో. ఆయన మంచుగడ్డల డబ్బా ఒకటి చేత పట్టుకోని, బెంగుళూరు నుంచి కారేసుకోని వచ్చి, పెనుకొండలో మా ఇంటి గడప కాడ నిలబడినాడు. వంటింట్లో చింతపండు పిసుకుతా విన్నాను నేను. నవ్వు ఆగలేదు.

"అది పెరుగు తోడు కాదమ్మా, బ్యాక్టీరియా కల్చరు" అని సారు నచ్చజెప్తాండాడు.

"ఏదయితే ఏమి నాయనా, తోడు తోడే. మాపటేళ తోడు గడప దాటిందంటే దాంతోబాటు లక్ష్మీ దాటుతాది. పైగా ఈ పొద్దు శుక్రవారం."

ఇంక ఆయనేం చేస్తాడు? "నీలావతీ, పొద్దున ఏడుకల్లా వస్తా, జాగ్రత్త" అని లోపలికి ఒక కేకేసి, హిందూపురంలో లాడ్జికి పోయినాడు. పదారేండ్ల కాపురంలో మా అత్త నాకు చేసిన మొదటి మేలు అది. చేసినట్టు ఆమెకూ తెలీదు.

ఆ తోడు మా వంటింటి గూట్లో, ఉప్పు డబ్బా పక్కన ఉండాది. ఊరగాయ సీసాలో సగానికి మురికి నీళ్ళు, పైన రెండు చుక్కలు కాలిన ఇంజనాయిలు. చూసేదానికి కడిగి పారబోయాల్సిన సీసా అనుకుంటారు. ఆ నీళ్ళలో కంటికి కనపడని పురుగులు కోట్ల కొద్దీ ఉండాయి. డీజిలు గానీ, గ్రీజు గానీ, భూమిలో ఇంకి ఏండ్ల తరబడి కుళ్ళని ఆయిలు గానీ, వాటికి అదే బువ్వ. తిని, నీళ్ళుగా గాలిగా మార్చేస్తాయి. ఏడేండ్లుగా వాటిని బతికిస్తాండా. ఈ ఇంట్లో ఇది నాది అని చెప్పుకోవాలంటే ఆ సీసా ఒకటే. పొద్దున ఏడు గంటలకు దాన్ని ఇచ్చేయాల్నా, వద్దా? ఇచ్చేస్తే నా చేతిలో ఏమీ మిగలదు. ఇయ్యకపోతే సోమందేపల్లి కాడ డీజిలు పారిన కొండమ్మ మల్బరీ తోట పోతాది. రసం పొంగి పొయ్యి మీద పడేదాకా అట్లే నిలబడినా.

నేను పుట్టింది ధర్మవరంలో. ఇంట్లో రెండు మగ్గాలు. నాయన నేసేవాడు, అమ్మ పొద్దున్నించి పొద్దుగూకేదాకా కండెలు చుట్టేది. చీర అమ్ముడుపోతే నాయన నేసిన చీర అనేవాళ్ళు. కండెలు చుట్టినోళ్ళ పేరు యాడా రాదు. అమ్మకు ఆ బాధ ఉండేదో లేదో, నేనెప్పుడూ అడగలేదు. అడగాల్సింది అని ఇప్పుడు అనిపిస్తాది. మైక్రోబయాలజీలో డిగ్రీ చేసి, అనంతపురంలో ఎమ్మెస్సీ మొదటేడు చదువుతాంటే పెండ్లి చేసినారు. మా ఆయన రామాంజనేయులు వాళ్ళదీ మగ్గాల ఇల్లే. ఆయన మగ్గం వదిలి పెనుకొండ హైవే మీద లారీల మెకానిక్ షెడ్డు పెట్టినాడు. "చదువుకోనీ, నాదేముండాది" అని పెండ్లిచూపుల్లో అన్నాడు. పెండ్లయినాక "చదివి ఎవర్ని ఉద్ధరిస్తావు" అన్నాడు. ఆ రెండు మాటల మధ్య గట్టిగా నాలుగు నెలలు గూడ లేదు.

ఇప్పుడు హాస్టల్లో చదివే మా కొడుకు బడికి పోవడం మొదలుపెట్టినాక హిందూపురంలో ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబు పని దొరికింది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కండ్లల్లో నీళ్ళొస్తాయి. నాలుగున్నరకు లేచి, ముగ్గురికీ మూడు రకాల టిఫిన్లు చేసి, అత్త కాళ్ళకు నూనె పెట్టి, ఉరుక్కుంటా పోయి ప్యాసింజరు ఎక్కేదాన్ని. కిటికీ కాడ కూర్చుంటే ఆ ముప్పావు గంట నన్ను ఎవ్వరూ ఏమీ అడిగేటోళ్ళు కాదు. ల్యాబులో నాకు జాలీగా ఉండేది. ట్యూబులు కడిగేది నేనే, పెద్ద కుక్కరులో ఉడకబెట్టేది నేనే, పురుగులు పెరిగే అగరు జిగురు కాచి పళ్ళాల్లో పోసేది నేనే. మాధవి మేడం అని ముసలామె ఉండేది, ఆమె నేర్పింది నాకు పురుగుల్ని ఒక ట్యూబులోంచి ఇంకో ట్యూబులోకి మార్చేది. "పెరుగు తోడు పెట్టినట్టే నీలా, కాకుంటే ఊపిరి బిగబట్టి చేయాల" అనేది. ఆ వేడి అగరు వాసన, పురుగుల్ని ఎత్తేదానికి మంట మీద ఎర్రగా కాల్చే తీగె, మధ్యాన్నం ఎండకు గోడ మీద పడే సీసాల నీడలు... ఆ ల్యాబు ఇప్పుడు లేదు. పిల్లలు చేరలేదని కోర్సు ఎత్తేసి కంప్యూటర్లు పెట్టినారు. మాధవి మేడమూ లేదు.

రవితేజ సారు వచ్చింది ఆ కాలంలోనే. ఆయిలు తినే బ్యాక్టీరియాని కనిపెట్టాల అని ఆయన పట్టుదల. యాడేడనో పెట్రోలు బంకుల కాడినుంచి మట్టి తెప్పించినాడు. ఒక్కటీ పనికిరాలేదు. ఒకరోజు నేను మా షెడ్డు వెనకాల గుంతలోంచి మట్టి తవ్వి ఊరగాయ సీసాలో తీసుకపోయినా. మా ఆయన పన్నెండేండ్లుగా లారీల్లోంచి దించిన కాలిన ఆయిలంతా ఆ గుంతలోనే పోసేవాడు. ఆడ గడ్డి మొలవదు, చీమ నడవదు. కానీ ఆ మట్టిని ముక్కు కాడ పెట్టుకుంటే పైన డీజిలు కంపు, అడుగున మాత్రం లోతుగా, సన్నగా, తడి మట్టి వాసన. ఏదో బతికి ఉండాది అనిపించింది నాకు.

సీసాలో ఉప్పులు కలిపిన నీళ్ళు పోసి, తిండికి ఆయిలు తప్ప ఇంకేమీ పెట్టకుండా, చిటికెడు ఆ మట్టి వేసినా. ఐదో రోజుకు పైన తెట్టె కట్టిన ఆయిలు విరిగి ఆవగింజలంత చుక్కలయింది. పదో రోజుకు నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళ మాదిరి చిక్కబడినాయి. ఇరవయ్యో రోజుకు సీసా అంచుకు కట్టుకున్న నల్లటి జిడ్డు వలయం లేదు! నేను ఆ సీసాను ఎండలోకి పట్టుకోని, పక్కన ఎవరున్నారో చూసుకోకుండా "అమ్మా!" అని అరిచినా. సారు ఉరికొచ్చినాడు. ఆయన గూడ చిన్నపిల్లోని మాదిరి ఎగిరినాడు, అది మాత్రం అబద్ధం చెప్పకూడదు.

ఆ పురుక్కు ఆయన పెట్టిన పేరు ఆర్‌టీ-3. ఆయన పేరులో అక్షరాలు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. దాని మీద అచ్చయిన వ్యాసంలో సారు పేరు, ప్రిన్సిపాలు పేరు, ఒక్కసారి గూడ ల్యాబు గడప తొక్కని సారు స్నేహితుడి పేరు ఉండాయి. చివర్లో "ల్యాబు సిబ్బందికి కృతజ్ఞతలు" అని ఒక ముక్క. అడిగితే "నీకెందుకు నీలావతీ పేరు, నువ్వేమన్నా ప్రమోషనుకు పోతావా?" అని నవ్వినాడు. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పుకుంటే ఆయనా నవ్వినాడు. "మట్టి నాది, ఆయిలు నాది, సీసా మా అమ్మది. నీదేముండాది దాంట్లో?" ఆ రాత్రి నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. అయినా పొద్దున్నే లేచి ఉప్మాకు రవ్వ వేయించినా. అంతకంటే ఏం చేయాల్నో అప్పుడు తెలీదు.

కరోనాకు కాలేజీ మూసేసినారు. సారు ఒక వాటా పురుగుల్ని బెంగుళూరుకు తీసుకపోయి, ఇంకో వాటా నాకిచ్చి "పదైదు దినాలకొకసారి మార్చు నీలావతీ, చచ్చిపోతే మన కష్టమంతా పోతాది" అన్నాడు. మన అన్నాడు! ఇంట్లో అగరు యాడిది? బోరు నీళ్ళు కాచి చల్లార్చి, చిటికెడు యూరియా, చిటికెడు డీఏపీ వేసి, రెండు చుక్కలు షెడ్డు ఆయిలు పోసేదాన్ని. సీసాల్ని మా అత్త కుక్కరులో ఉడకబెట్టేదాన్ని. "నా కుక్కర్ల పురుగులుడకబెడతాండాది" అని ఆమె ఈదికంతా వినిపించింది. అది తోడు అత్తా, చచ్చిపోతే మళ్ళీ దొరకదు అని చెప్పినాక మాత్రం నోరు మూసింది. తోడు అంటే ఆమెకు భయం. వాటికి గాలి ఆడాల కాబట్టి సీసాను ఊపతానే ఉండాల. కుడిచేత్తో సంగటి గెలుకుతా, ఎడమచేత్తో సీసా ఊపేదాన్ని. కాలేజీలో పని పోయినాక గూడ మానలేదు. అడిగినోళ్ళు లేరు, పంపించేదానికి చోటు లేదు. ఆ సీసా ఊపుతాంటే ప్యాసింజరు రైలు కిటికీ, మాధవి మేడం గొంతు, ఆ ల్యాబు ఎండ, అన్నీ మళ్ళీ నా కాడికొచ్చేవి. అందుకే అంతే.

రెండు నెలల కిందట సోమందేపల్లి దాటినాక హైవే మీద డీజిలు ట్యాంకరు పల్టీ కొట్టింది. మా ఆయన క్రేను తోలుకోని పోతాంటే నేనూ పోయినా. రోడ్డు కింద కొండమ్మ అర ఎకరా మల్బరీ తోట నిండా డీజిలు. మొగుడు లేని మనిషి, పట్టుపురుగులు మేపుకోని బతుకుతాది. గట్టు మీద కూర్చోని ఆమె ఏడవలేదు. "ఆకు కోసి వేస్తే మూతి తిప్పుకుంటాండాయి మ్మా పురుగులు. పసిబిడ్డల మాదిరి చూస్తాండాయి నన్ను" అనింది. ఆ తోటను బాగుచేసే పని రవితేజ సారు ఉండే బెంగుళూరు కంపెనీకొచ్చింది. సారు తన పురుగుల్ని డ్రమ్ముల కొద్దీ పెంచి తెచ్చి పోసినాడు. నెల దాటింది. డీజిలు డీజిలు మాదిరే ఉండాది. అప్పుడు గుర్తొచ్చినాను నేను.

ఆ శుక్రవారం అన్నాలప్పుడు మా ఆయన అన్నాడు, "ఇచ్చి పారెయ్. గూట్లో ఆ కంపు పోతాది." ఇయ్యక ఏం చేస్తాను, కొండమ్మ చేను ఉండాది కదా అనే అనుకున్నా. నిజం చెప్పాలంటే అప్పటికి ఇచ్చేసేదానికే సిద్ధమైనా.

పొద్దున ఏడుకే సారు వచ్చినాడు. మా అత్త కాఫీ ఇచ్చింది. మా ఆయన షెడ్డుకు పోకుండా కూర్చున్నాడు. సీసా తెచ్చి ముందర పెట్టి, "మీ వాటి మాటేమి సార్, ఎందుకు తినలేదు?" అని అడిగినా.

సారు మొహం చిన్నబోయింది. "నా తప్పే. బాగా పెరగాలని ఏండ్ల తరబడి చక్కెర పెట్టినాను. ఆయిలు తినే విద్య వాటి ఒంట్లో చిన్న ఉంగరం లాంటి దాంట్లో రాసి ఉంటుంది. చక్కెర దొరుకుతుంటే ఆ ఉంగరంతో పనిలేదు. ఊరికే బరువెందుకని వదిలేశాయి. ఇప్పుడు ఆయిలు పెడితే తినడం రాదు వాటికి. చెడిపోయాయి." మళ్ళీ నా సీసా వంక చూసి కండ్లు మెరిపిస్తా అన్నాడు, "నీవి అట్లా కాదు. మొండివి. నువ్వు ఆయిలు తప్ప ఇంకోటి పెట్టలేదు కదా! కష్టాల్లో బతికినాయి కాబట్టే ఆ గుణం నిలిచింది. గొప్ప ఓర్పు."

"మా కోడలు గూడ అంతే సార్" అనింది మా అత్త, నా వంక మురిపెంగా చూస్తా. "ఏం పెట్టినా తింటాది, ఏం జెప్పినా చేస్తాది. ఎదురుమాట లేదు."

మా ఆయన తలాడించినాడు. ముగ్గురూ నా వంక ఒకే రకంగా చూసినారు, నన్ను మెచ్చుకుంటా. పదారేండ్లుగా నాకు దొరికిన మెప్పు ఇదొక్కటే కదా. మురికి పెడితిరి, తింటి. తిన్నానని ఓర్పు అంటిరి. ఓర్పు ఉండాదని ఇంకొంచెం పెడితిరి. చక్కెర తిన్న పురుగులకు ఏమొచ్చింది? హాయిగా ఉండాయి. పిల్లా పాపలతో పెరిగినాయి. తినాల్సిన పని లేదని తెలిసినాకనే ఆ బరువు పక్కన పెట్టినాయి. వాటిని చెడిపోయినాయంట!

"అవి చెడిపోలేదు సార్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "మంచి తిండి దొరికితే ఎవురైనా ఆయిలు తినడం మానుకుంటారు. నా పురుగులు గొప్పవి కావు. నా కాడ చక్కెర లేకపోయింది, అంతే. మిగిలింటే పెట్టకపోదునా?"

సారు నవ్వబోయి ఆగినాడు.

"ఇంకోమాట. వీటి పేరు ఆర్‌టీ-3 కాదు. మట్టి తవ్వింది నేను, బతికించింది నేను. కొండమ్మ చేనుకు ఇవి పోతాయి. తీసుకపోయేది నేను, పని చేయించేది నేను. కాగితంలో మొదటి పేరు నాది. ముందర రాసివ్వండి."

"అట్లా కుదరదు నీలావతీ, పైన పెద్దవాళ్ళున్నారు..."

"అయితే మీరు బెంగుళూరుకు పోండి సార్. నేను బస్సెక్కి సోమందేపల్లికి పోతా. కొండమ్మకు కావాల్సింది పురుగులు, కాగితాలు కాదు."

"ఏమ్మే నీలా!" అని అత్త నోరు తెరిచింది. మా ఆయన "నీకేమన్నా పట్టిందా? ఇల్లెవరు చూస్తారు?" అన్నాడు. "మీరిద్దురూ ఉండారు కదా" అన్నాను. ఎంత సులభంగా వచ్చిందో ఆ మాట!

సారు వాకిట్లోకి పోయి చానాసేపు ఫోనులో మాట్లాడినాడు. కారు చుట్టూ రెండు సార్లు తిరిగినాడు. తిరిగొచ్చి కంపెనీ కాగితం మీద నా పేరు, పుట్టిన ఊరు, కనిపెట్టిన ఏడాది రాసి సంతకం పెట్టినాడు. "మీరు చదివింది ఎంతవరకు నీలావతి గారూ?" అని అడిగినాడు. ఎమ్మెస్సీ మొదటేడు, సగంలో ఆగింది అని చెప్పినా.

ఆ పొద్దునించి కొండమ్మ కొట్టంలోనే ఉన్నా నేను. దినామూ పోయేది వచ్చేది కుదరదు, ఆ పని అట్లాంటిది. చెట్ల మొదళ్ళ కాడ మట్టి గుల్ల చేయాల, చివికిన పేడ ఎరువు, తరిగిన వరిగడ్డి కలపాల, తడి ఆరకూడదు, బురద కాగూడదు. డ్రమ్ముల్లో పురుగులకు చేపల తొట్టి పంపుతో గాలి పెట్టి, మూడు రోజులకొకసారి చేనుకు పోసి, మళ్ళీ మట్టి తిరగేయాల. కొండమ్మ, నేను, ఇద్దరు కూలామెలు. పారలు పట్టుకోని పాటలు పాడుకుంటా చేసినాం. సారు పంచె ఎగ్గట్టి రెండు రోజులు పేడ మోసినాడు, పాపం. అంతా పోవాలంటే మూడు నెలలు పడతాది, ఉత్త మాటలు చెప్పను. కానీ తొమ్మిదో రోజు పొద్దున మట్టిలో చెయ్యి పెడితే లోపల వెచ్చగా తగిలింది. పిడికెడు తీసి కొండమ్మ ముక్కు కాడ పెట్టినా. ఆమె కండ్లు మూసుకోని గట్టిగా పీల్చింది. "వాన పడినట్టుండాది మ్మా" అని నా భుజం మీద తల పెట్టి, అప్పుడు ఏడ్చింది.

మధ్యాన్నాలు ఆమె నాకు కంచం పెట్టేది. "నువ్వు కూర్చో, నేను పెడతా" అనేది. మా అమ్మ చనిపోయినాక ఆ మాట నాకెవరూ చెప్పలేదు. మొదటి రెండు రోజులు కూర్చోలేకపోయినా. నీళ్ళన్నా ముంచుకొస్తా అని లేచేదాన్ని. మూడో రోజునించి కూర్చున్నా.

పదకొండో రోజు సంగటి ముందు కూర్చున్నప్పుడు మా ఆయన ఫోను చేసినాడు. గొంతులో కోపం లేదు, అలుపు ఉండాది.

"ఈడ గ్రీజు బట్టలు కుప్ప పడినాయి. అమ్మ రెండుమాట్లు ఉతికింది, జిడ్డు పోలేదు. నేను గూడ ఉతికినా, పోలేదు. ఇన్నేండ్లు నువ్వేం వేసి ఉతికితివి? చెప్పు, రాసుకుంటా."

చెబుదామని నోరు తెరిచినా.

"మరిచిపోయినా" అన్నాను.

"పదకొండు దినాలకే? అంత తొందరగా ఎట్ల మరిచిపోతావే?"

"మంచి తిండి దొరికితే చాలంట" అని ఫోను పక్కన పెట్టి, సంగటి ముద్దలో వేలితో గుంట చేసి, కొండమ్మతో నెయ్యి పోయించుకున్నా.